మనింటి పంచాంగంలో లేని పండగలు

పుష్యమాసం చుట్టూ, అంటే ఇంచుమించు జనవరిలో, తెలుగువాళ్ళకు సంబంధించి ఏమేం జరుగుతాయో ఒకసారి వరసగా చెప్పుకుందాం. ఒకటో తారీకున హైదరాబాదు నాంపల్లిలో నుమాయిష్ మొదలవుతుంది. 1938 నుంచీ నడుస్తున్న ఎగ్జిబిషన్ అది. ఆ రోజుల్లోనే విజయవాడలో పుస్తకాల పండగ. సంక్రాంతి వెళ్ళిన ఆదివారం నుంచి కొమురవెల్లి మల్లన్న జాతర. ఆ జాతరలో మొదటి ఆదివారం పట్నం వారం, రెండోది లష్కర్ వారం. హైదరాబాదు, సికింద్రాబాదు జనం ఆ వారాల్లో కదిలివస్తారు కాబట్టి ఆ పేర్లు. కనుమ నాడు కోనసీమలో ప్రభల తీర్థం. అవే రోజుల్లో అహోబిలం నరసింహస్వామి పారువేటకు బయల్దేరి నెల దాటి చుట్టుపక్కల ఊళ్ళన్నీ తిరుగుతాడు. తన బ్రహ్మోత్సవాలకు తానే వెళ్ళి జనాన్ని పిలుస్తాడన్నమాట. పుష్య బహుళ పంచమికి కావేరి ఒడ్డున తిరువయ్యారులో త్యాగరాజ ఆరాధన. అమావాస్య అర్ధరాత్రి ఆదిలాబాద్ జిల్లా కేస్లాపూర్‌లో గోండుల నాగదేవుడు నాగోబాకు వాళ్ళలోని మెస్రం వంశంవాళ్ళ మహాపూజ.

ఒక్క నెలలోనే ఇన్ని. నాకు తెలియనివి ఇంకెన్ని ఉన్నాయో. వీటిలో మీరు చూసినవి ఏవి అని నేను చాలామందిని అడుగుతుంటాను. జవాబు దాదాపు ఎప్పుడూ ఒకేలా ఉంటుంది. చిన్నప్పుడు ఇంట్లోవాళ్ళు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళిన ఒకటో రెండో చెబుతారు. అక్కడితో సరి. చదువులయ్యాయి, ఉద్యోగాలొచ్చాయి, కార్లు కొన్నాం, కావాలనుకుంటే రాత్రికి రాత్రి ఎక్కడికైనా వెళ్ళగలం. అయినా మనం చూసిన తెలుగుదనమంతా మనకు పదేళ్ళప్పుడు మన అమ్మానాన్నలకు తెలిసినంతే. ఆ ‘తెలిసినంత’ కూడా మన జిల్లా, మన కులం, మన మతం గీసిన గిరిలోనే ఉంటుంది.

నేను చెప్పదలుచుకున్నది ఇదే. మన సంస్కృతి గొప్పదని అనుకునేవాళ్ళు ఏడాది పొడుగునా దాన్ని వెతుక్కుంటూ వెళ్ళాలి. అదీ, మనకు అలవాటైన చోట్లకు కాదు, మనల్ని ఎవరూ పిలవని చోట్లకు. పిలుపు కోసం చూస్తూ కూర్చుంటే జీవితకాలంలో అది రాదు. మెస్రం వంశంవాళ్ళు మనకు శుభలేఖ పంపరు. కోనసీమ రైతు మన వాట్సాప్ గ్రూపులో ఉండడు.

సమాచారం అందకపోవడం నిజమైన ఇబ్బందే, కాదనను. దానికి కారణం మనం బతికే క్యాలెండర్ వేరు, ఇవి నడిచే లెక్క వేరు. నుమాయిష్ ఇంగ్లీషు తేదీతో నడుస్తుంది. మేడారం సమ్మక్క సారలమ్మ జాతర రెండేళ్ళకోసారి మాఘ పౌర్ణమికి వస్తుంది. నెల్లూరు రొట్టెల పండగ మొహర్రంతో ముడిపడింది కాబట్టి ప్రతి ఏడూ పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది. ఒకప్పుడు చలికాలంలో వచ్చిన పండగే మరి కొన్నేళ్ళకు ఎండాకాలంలో వస్తుంది. విజయనగరం సిరిమాను ఊరేగింపు దసరా వెళ్ళిన మంగళవారం. బోనాలు ఆషాఢంలో. తిరుపతి గంగమ్మ జాతర మే నెల మంగళవారాల లెక్క. సౌరమానం, చాంద్రమానం, హిజ్రీ మూడూ ఒకచోట పెట్టుకుంటే తప్ప ఇవి మనకు కనిపించవు. మా ఇంట్లో ఉగాదికి పంచాంగం కొనగానే నేను చేసే పని ఇదే. రాశిఫలాలు మావారు చూసుకుంటారు. నేను గోడ క్యాలెండర్ మీద తిథుల్నిబట్టి జాతరలు గుర్తు పెట్టుకుంటాను. మొహర్రం నెల ఎప్పుడు మొదలవుతుందో రాసుకుంటాను. మిగతా ఖాళీలు పేపర్లో జిల్లా పేజీలూ గోడల మీది పోస్టర్లూ నింపుతాయి. నాటక పరిషత్తుల వార్తలు ఇప్పటికీ జిల్లా పేజీల్లోనే వస్తాయి, నాలుగు లైన్లలో. ఆ నాలుగు లైన్లు చదివే అలవాటు ఉండాలి.

వెతుక్కుని వెళ్తే ఏమొస్తుందన్నది అసలు ప్రశ్న. దానికి కోనసీమ నుంచే చెబుతాను, ఎందుకంటే నా ఆలోచన మారింది అక్కడే.

మాది నరసరావుపేట వైపు. ప్రభ అంటే నాకు కోటప్పకొండ ప్రభే. మహాశివరాత్రికి కావూరు, పురుషోత్తమపట్నం లాంటి ఊళ్ళు పోటాపోటీగా కట్టే విద్యుత్ ప్రభలు. 80, 90 అడుగుల ఎత్తున, కరెంటు దీపాలతో దేవుడి బొమ్మలు మెరుస్తూ, ముందు స్టేజీ, మైకు, తెల్లవార్లూ పాటలూ డాన్సులూ. ప్రభ కదులుతుంటే దారిలో కరెంటు తీగలు విప్పి మళ్ళీ కట్టేవాళ్ళు. ఊరి పరువంతా ఆ ఎత్తులో ఉండేది. మా చిన్నప్పుడు ఏ ఊరి ప్రభ ఎన్ని అడుగులన్నది బళ్ళో పెద్ద చర్చ.

కనుమ నాడు జగ్గన్నతోట వెళ్ళినప్పుడు అలాంటిదేదో చూస్తానని అనుకున్నాను. అంబాజీపేట మండలం మొసలపల్లి దగ్గర కొబ్బరి తోట అది. అక్కడ గుడి లేదు. స్టేజీ లేదు. చుట్టూ పదకొండు ఊళ్ళ శివుళ్ళు, ఏకాదశ రుద్రులు, ఏడాదికి ఆ ఒక్క రోజు తోటలో కలుసుకుంటారు. వ్యాఘ్రేశ్వరం, పుల్లేటికుర్రు, ఇరుసుమండ, వక్కలంక, నేదునూరు, ముక్కామల, మొసలపల్లి, పాలగుమ్మి, గంగలకుర్రు, గంగలకుర్రు అగ్రహారం, పెదపూడి. ఈ పేర్లు ఒక్కొక్కటే అక్కడివాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టి చెబుతుంటే నాకు నోట్లో తిరిగేదాకా చెప్పించుకున్నాను. ప్రభను ట్రాక్టర్ లాగదు, మనుషులు భుజాన మోస్తారు. వెదురు బద్దలు వంచి కట్టిన చట్రం, దాని మీద రంగురంగుల నూలు గుడ్డలు, నెమలిపింఛాలు, గంటలు, మధ్యలో ఉత్సవ విగ్రహం. దారి పంటచేలోంచి వెళ్తుంది. చేను పచ్చగా నిలబడి ఉండగానే అందులోంచి వెళ్తారు. పైరు నలుగుతుంటే చేనుగలాయన గట్టు మీద నిలబడి దణ్ణం పెట్టుకుంటున్నాడు. “పాడవదా అండీ?” అని అడిగాను. “సామి నడిచిన చేను బాగా పండుద్దండి, ఆయ్” అన్నాడు.

గంగలకుర్రు, అగ్రహారం ప్రభలు కౌశిక కాలువ దాటేటప్పుడు నేను ఒడ్డున ఉన్నాను. మోసేవాళ్ళు నీళ్ళలోకి దిగారు. మోకాళ్ళ దాకా, నడుం దాకా, ఇంకా లోతుకు. ప్రభ ఒక పక్కకు వాలినప్పుడల్లా ఆ పక్కవాళ్ళు భుజం ఎత్తి నిలబెడుతున్నారు, తాళ్ళు పట్టుకున్నవాళ్ళు అటు నుంచి లాగుతున్నారు. “శరభా శరభా” అని ఒకటే కేక. నా పక్కన నిలబడ్డ పెద్దావిడ కళ్ళార్పకుండా చూస్తూ, మోస్తున్నవాళ్ళలో తన మనవణ్ణి చూపించి, “మొదటేడండి వాడికి” అంది. ఆ అబ్బాయి ఒడ్డెక్కేదాకా ఆవిడ నా చెయ్యి వదల్లేదు. ఆవిడెవరో నాకు తెలీదు, నేనెవరో ఆవిడకు తెలీదు. తోటలో వ్యాఘ్రేశ్వరుడి ప్రభ రాగానే మిగతా ప్రభలన్నింటినీ ఒక్కసారి పైకి లేపారు, పెద్దాయన వస్తే లేచి నిలబడ్డట్టు.

2023 రిపబ్లిక్ డే పరేడ్‌లో ఆంధ్రప్రదేశ్ శకటం ఈ తీర్థం మీదే. అది టీవీలో చూసినవాళ్ళు కోట్లమంది ఉండుంటారు. కానీ టీవీలో ఆ శకటానికి బరువుండదు. బరువు భుజం మీద ఉంటుంది, ఆ ముసలావిడ చేతి పట్టులో ఉంటుంది.

అన్నిటికంటే నాకు విలువైనది అక్కణ్ణుంచి వచ్చాక జరిగింది. ఆ ఏడు శివరాత్రికి కోటప్పకొండ వెళ్తే మా ప్రభ నాకు కొత్తగా కనిపించింది. అంతకుముందు ప్రభంటే ఇంతే కదా అనుకునేదాన్ని. ఇప్పుడు ప్రశ్నలొచ్చాయి. కరెంటు ఎప్పుడొచ్చింది, అంతకుముందు దేనితో కట్టేవాళ్ళు, ఎడ్లు లాగిన రోజుల్లో ఎత్తెంత, ఊళ్ళమధ్య పోటీ ఎలా మొదలైంది. మా పెదనాన్న మాటల్లో పడి రెండు గంటలు చెప్పాడు. పుట్టి పెరిగిన ఊరి పండగ గురించి నేనాయన్ని అంతవరకూ ఏమీ అడగలేదు. పక్కవాడి పండగకు వెళ్ళొస్తేనే మనదేదో మనకు అర్థమవుతుంది. కొత్త వాటి వెంట పడితే పాతవి మరిచిపోతామనే భయం చాలామందికి ఉంది. నా విషయంలో సరిగ్గా దానికి తిరగేసి జరిగింది.

నెల్లూరు సంగతి కొంచెం వేరు. బారాషహీద్ దర్గా పక్కన స్వర్ణాల చెరువులో జనం నీళ్ళలో నిలబడి రొట్టెలు మార్చుకుంటారు. ఉద్యోగం రొట్టె, పెళ్ళి రొట్టె, సంతానం రొట్టె, ఇల్లు రొట్టె, విదేశీ రొట్టె. కోరిక ఉన్నవాళ్ళు ఆ రొట్టె అడిగి తీసుకుంటారు. తీరితే మరుసటేడు వచ్చి అదే రొట్టె ఇంకొకరికివ్వాలి. వాళ్ళు హిందువులా ముస్లిములా అని ఎవరూ అడగరు. “ఏం రొట్టెమ్మా?” అని మాత్రమే అడుగుతారు. ఉద్యోగం వచ్చినమ్మాయి ఉద్యోగం లేని అబ్బాయి చేతిలో రొట్టె పెట్టి, “నాకు పోయినేడు ఒకక్క ఇచ్చిందన్నా, వచ్చేసింది, నీకూ వస్తుంది” అనడం నేను చెవులారా విన్నాను. మతసామరస్యం మీద ఎన్ని వ్యాసాలు చదివినా రాని నమ్మకం అలాంటి మాట వింటే వస్తుంది. ఒకరి మతం గురించి ఒకరం ఫోన్లో వచ్చే వీడియోల ద్వారా తెలుసుకుంటున్న ఈ కాలంలో, ఏడాదికి ఒక్కసారైనా మనది కాని మతం పండగలో, మనది కాని కులం జాతరలో నిలబడి రావాలని నేను గట్టిగా అంటాను. పల్లెల్లో పీర్ల పండగకు పీరు ఎత్తేవాళ్ళలో హిందువులు చాలాచోట్ల కనిపిస్తారు. మన తాతలకు ఇది వింత కాదు.

అలాగే తిరుపతి. మనలో ఎక్కువమందికి తిరుపతంటే కొండ మాత్రమే. ఆ కొండ కింద వెంకన్న చెల్లెలిగా కొలిచే తాతయ్యగుంట గంగమ్మకు వారం రోజుల జాతర జరుగుతుంది. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం, ఇలా రోజుకో వేషం. మీసాలున్న మగవాళ్ళు చీరె కట్టి, జడ వేసుకుని, పూలు పెట్టుకుని మొక్కు తీర్చుకుంటారు. మన ఆచారాలన్నీ ఒకే రకంగా ఉంటాయనీ ఉండేవనీ ఎవరైనా వాదిస్తే వాళ్ళను ఒకసారి మే నెలలో తిరుపతి వీధుల్లో నడిపించాలి.

జాతరలు మనం వెళ్ళకపోయినా జరుగుతాయి. మేడారం మన కోసం ఆగదు. కానీ మనం వెళ్ళకపోతే ఆగిపోయేవి కొన్నున్నాయి. అందుకే వాటి గురించి ఎక్కువ ఆత్రపడుతున్నాను. అవి ప్రేక్షకుల మీద బతికే కళలు.

సురభి నాటకాలు 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలయ్యాయి. అంతకుముందు తోలుబొమ్మలాడించిన కుటుంబం అది. ఒకే వంశం పెరిగి పెరిగి, ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా నడక రాగానే రంగం మీదికొస్తూ, ఆడవేషాలు ఆడవాళ్ళే వేస్తూ ఇన్నేళ్ళు నడిచారు. శేరిలింగంపల్లిలో సురభి కాలనీ ఉంది. ఐటీ కంపెనీలకు కూతవేటు దూరం. అక్కడి అపార్టుమెంట్లలో ఉండే ఎంతమంది ఆ పక్కనే ఉన్న మనుషుల నాటకం చూశారు? ఘటోత్కచుడు గాల్లోంచి దిగడం, బాణాలు గాల్లో ఢీకొని నిప్పులు రాలడం, క్షణంలో అడవి పోయి రాజసభ రావడం, అంతా తాళ్ళు, కప్పీలు, చేత్తో గీసిన తెరలు. రెండు బాణాలు కలిసినప్పుడు మా చిన్నవాడు సీట్లోంచి లేచి నిలబడ్డాడు. ఇంట్లో పెద్ద పెద్ద గ్రాఫిక్స్ సినిమాలు పడుకుని చూసేవాడు వాడు.

తోలుబొమ్మలాట పరిస్థితి ఇంకా కష్టం. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో ఈ పని చేసే కుటుంబాలున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆటలకు పిలిచేవాళ్ళు తగ్గిపోయాక అదే మేకతోలు మీద అదే రంగులతో దీపాల షేడ్లు, గోడకు తగిలించే బొమ్మలు చేసి అమ్ముకుంటున్నారు. ఆ షేడ్లు నిజంగా అందంగా ఉంటాయి, కొనండి. కానీ హాల్లో వేలాడే హనుమంతుడు లంకకు దూకడు. దూకాలంటే ఆట ఉండాలి. ఆట జరిగేటప్పుడు తెర ముందు ఒక గంట కూర్చున్నాక వాళ్ళనడిగి మా పిల్లల్ని తెర వెనక్కి తీసుకెళ్ళాను. ఒకాయన రెండు చేతుల్తో రెండు బొమ్మలాడిస్తూ, పద్యం పాడుతూ, దెబ్బ పడ్డప్పుడల్లా కాలి కింది చెక్కను టపీమని తొక్కుతున్నాడు. ఊరికే నిలబడాల్సిన బొమ్మల్ని ముల్లుతో తెరకు గుచ్చి వదిలేశారు. హార్మోనియం దగ్గరున్నావిడ సీత గొంతు పాడుతూనే పక్కనున్న హాస్యపాత్ర బంగారక్క బొమ్మ అందించింది. ముందు నుంచి చూసినప్పుడు నవ్వించిన కేతిగాడు వెనక నుంచి చూస్తే ఒక మనిషి మణికట్టు విసురు. ఆ పనితనం చూశాక పిల్లలు ఇంటికొచ్చి అట్టముక్కలతో నెలరోజులు అదే ఆట.

డబ్బు గురించి కూడా నిక్కచ్చిగా మాట్లాడాలి. పల్లెటూరి నాటకాల్లో చదివింపులుండేవి. ఆట మధ్యలో “ఫలానా వారు నూట పదహారు రూపాయలు చదివించారు” అని మైకులో చెప్పేవాళ్ళు. హరిశ్చంద్రుడు కాటి సీను పద్యం అందుకుంటే “వన్స్ మోర్” అనడానికి ముందు జేబులోంచి నోటు తీసేవాళ్ళు. టికెట్టు లేదు కాబట్టి ఊరికే చూసి రావడం ఆ సంప్రదాయంలో లేదు. ఇప్పుడు పట్నాల్లో ఎక్కువ కార్యక్రమాలు ఉచితం, మనం ఉచితంగానే లేచి వచ్చేస్తున్నాం. గద్దం సమ్మయ్య గారికి చిందు యక్షగానానికి, దాసరి కొండప్ప గారికి బుర్రవీణకు 2024లో పద్మశ్రీలొచ్చినప్పుడు అందరం స్టేటస్‌లు పెట్టాం. అభినందించాల్సిందే. అవార్డు ఒక మనిషికి వస్తుంది. ఆయన వెనక దరువేసేవాళ్ళకు, వంత పాడేవాళ్ళకు భోజనం ఆట వల్లే వస్తుంది. ఇంట్లో శుభకార్యానికి డీజేకు ఇచ్చే డబ్బులో ఒక బృందం వచ్చి ఆడి వెళ్తుంది. మా మరిది గృహప్రవేశానికి ఒగ్గుకథ చెప్పించాం. వచ్చిన చుట్టాలు మొదట్లో మొహమొహాలు చూసుకున్నా, డోలు అందుకున్నాక భోజనాల పిలుపుకి కూడా లేవలేదు.

నాతో వాదించేవాళ్ళు రెండు మాటలంటారు. తీరిక లేదన్నది ఒకటి. దాని మీద ఎక్కువ చెప్పను. ఇవన్నీ ఏడాదంతా పరుచుకుని ఉన్నాయి, నెలకు ఒకటి చొప్పున చూసినా చాలు, చాలావాటికి ఆర్టీసీ బస్సు టికెట్టు తప్ప ఖర్చు లేదు. రెండోది బరువైన మాట. నమ్మకం లేని జాతరకు, మనది కాని పండగకు చూడ్డానికి వెళ్ళడం తప్పు కాదా? వాళ్ళ దేవుణ్ణి మన కాలక్షేపం చేసుకోవడం కాదా?

ఈ ప్రశ్న అడిగేవాళ్ళంటే నాకు గౌరవం. నాగోబా జాతరనే తీసుకోండి. మెస్రం వంశంవాళ్ళు జన్నారం వైపు హస్తినమడుగు నుంచి గోదావరి నీళ్ళు కాలినడకన తెస్తారు. కొత్త కోడళ్ళను తెల్లచీరల్లో, ముఖం మీద ముసుగుతో దేవుడికి పరిచయం చేసే భేటింగ్ ఉంటుంది. అది ఒక వంశం ఇంటి వ్యవహారం. అక్కడికి ఫోను పట్టుకుని తోసుకెళ్ళేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. కొమురం భీం మరణం తర్వాత 1940ల్లో, గిరిజనుల గోడు వినడానికి నిజాం ప్రభుత్వం మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ సలహాతో మొదలుపెట్టిన దర్బారు కూడా అదే జాతరలో జరుగుతుంది. ఆ దర్బారులో భూముల గురించి, రోడ్ల గురించి వాళ్ళేం అడుగుతున్నారో వినడానికి మాత్రం మనం వెళ్ళాలి. వెళ్ళేముందు అడగాలి, నిలబడమన్న చోట నిలబడాలి, వద్దన్నప్పుడు కెమెరా లోపల పెట్టాలి, పెట్టింది తినాలి. ఇంత మర్యాద పాటించగలిగినవాళ్ళు వెళ్ళడం తప్పు కాదు. వెళ్ళకపోవడం వల్ల పోయేది చాలా ఉంది. ఆదిలాబాద్ గోండుల గురించి మైదాన ప్రాంతం మనుషులకు తెలిసిందెంత? తెలియకుండానే వాళ్ళ అడవి గురించి, పోడు గురించి ఎంత సులువుగా అభిప్రాయాలు చెబుతుంటాం!

చెన్నైలో ఉన్నవాళ్ళకు ఒక మాట. డిసెంబరు సంగీత సీజన్‌లో పొద్దుటి కచేరీలు చాలా సభల్లో ఉచితం. పాడేది సగానికి సగం తెలుగు కీర్తనలు, వినేవాళ్ళు తమిళులు, నోటుపుస్తకంలో రాగం పేరు రాసుకుంటూ వింటారు. తెలుగు వచ్చిన మనం అక్కడుంటే సాహిత్యం మనకు అదనంగా దొరుకుతుంది.

ఈ ఏడాది మా లెక్కలో పెద్దది విజయనగరం. పైడితల్లి అమ్మవారి సిరిమాను ఎక్కడుందో పూజారికి కలలో అమ్మవారు చెబుతుందట, ఆ చింతమానును వెతికి తెచ్చి చెక్కుతారు. దాని కొసన పూజారి కూర్చుంటే గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు ఊరేగిస్తారు. అందరూ మంగళవారం వచ్చి సిరిమాను చూసి వెళ్ళిపోతారనీ, సోమవారం తొలేళ్ళు చూడకపోతే సగమే చూసినట్టనీ ఆ ఊరి స్నేహితురాలు చెప్పింది. ఆ రాత్రి రైతులకు విత్తనాలు పంచుతారు, అవి తీసుకెళ్ళి తమ విత్తనాల్లో కలుపుకుంటారు. సిరిమానుకు ముందు పాలధార, అంజలి రథం, తెల్ల ఏనుగు, బెస్తవారి వల నడుస్తాయి. అమ్మవారి విగ్రహం పెద్దచెరువులోంచి బయటికి తీసినప్పుడు సాయపడ్డ జాలరివాళ్ళకు దక్కిన మర్యాదట ఆ వల. ఊరేగింపుల్లో రాజుల గుర్తులు, దేవుళ్ళ గుర్తులు చాలా చూశాను. పనిచేసినవాళ్ళ పనిముట్టు అమ్మవారి ముందు నడవడం ఇంకెక్కడా చూడలేదు. ఆ వల పట్టే కుటుంబాలవాళ్ళు ఒప్పుకుంటే వాళ్ళతో మాట్లాడాలని ఉంది. ఆదివారం రాత్రి రైలుకు టికెట్లు తీసుకున్నాం, మా పెదనాన్న కూడా వస్తానన్నాడు.